వీపు మీది బరువు నడుముకు దిగిన కథ: ఒక పాత రక్‌సాక్ చెప్పే పాఠం

ఈ నెల పాఠం: వస్తువు, చరిత్ర, సైన్సు
(6 నుంచి 10వ తరగతి విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి చదవడానికి)



మన పిల్లలు రోజూ ఉదయం రెండు భుజాలకు తగిలించుకుని బయల్దేరే బ్యాగు బడి కోసం పుట్టింది కాదు. కొండలెక్కేవాళ్ల కోసం పుట్టింది. పర్వతారోహకులు, వేటగాళ్లు, సైనికులు దాన్ని వందేళ్ల పాటు వాడారు, నొప్పులు పడ్డారు, మార్చుకుంటూ వచ్చారు. చివరికి అది తరగతి గదికి చేరింది. అయితే చేరే దారిలో కొన్ని మంచి లక్షణాలు పోగొట్టుకుంది. అవేమిటో తెలిస్తే మన పిల్లల బ్యాగును కొత్త కళ్లతో చూడగలుగుతాం. అందుకే ఈ నెల పాఠానికి పాతకాలపు పర్వతారోహణ రక్‌సాక్‌ను ఎంచుకున్నాం.

ముందుగా వస్తువును చూద్దాం

రక్‌సాక్ అనేది జర్మన్ మాట. మొదటి సగానికి వీపు అని అర్థం, రెండో సగానికి సంచి అని అర్థం. ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లో జర్మన్ మాట్లాడేవారి నుంచి ఈ మాట ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మన దగ్గరకు వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నార్వేలో తయారైన ఒక రక్‌సాక్ మన ముందు ఉందనుకోండి. ముందు కనిపించేది మందపాటి కాన్వాస్ గుడ్డ. పై మూతి తాడుతో బిగుస్తుంది, దాని మీదికి ఒక మూత వాలుతుంది. మూతను పట్టి ఉంచేది తోలు పట్టీ, లోహపు బకిల్. పక్కల, ముందు చిన్న జేబులు. భుజాల పట్టీలు కూడా తోలువే. జిప్పు లేదు, స్పాంజి లేదు, ప్లాస్టిక్ లేదు. వానలో తడిస్తే కాన్వాస్ నీళ్లు పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది.

ఇప్పుడు దాన్ని తిప్పి వెనక వైపు చూడండి. అసలు విషయం అక్కడ ఉంది. వీపుకు ఆనే వైపున సన్నని ఉక్కు గొట్టాలతో చేసిన ఒక చట్రం కనిపిస్తుంది. అది తిన్నగా లేదు, మనిషి వీపు వంపును అనుసరించి వంగి ఉంది. చట్రం కింది భాగంలో అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ. బ్యాగు వేసుకున్నప్పుడు ఆ పట్టీ నడుము కింది భాగానికి ఆనుతుంది. సంచికీ వీపుకూ మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది, గాలి ఆడుతుంది.

ఆ వంపు తిరిగిన చట్రమే ఈ పాఠానికి కేంద్రం. అది రాకముందు మనుషులు బరువు ఎలా మోశారో ముందు చూద్దాం.

రక్‌సాక్ కంటే ముందు

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఓట్జ్‌టాల్ ఆల్ప్స్‌లో మంచులో గడ్డకట్టిన ఒక మనిషి శరీరం దొరికింది. సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి. ఊట్జీ అని పేరు పెట్టారు. అతని వస్తువుల్లో ఇంగ్లీషు యు అక్షరంలా వంచిన హేజెల్ కర్ర, లార్చ్ చెక్క పలకలు ఉన్నాయి. అది వీపు మీద బరువు మోసే చట్రమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మంచులో నడవడానికి కాలికి కట్టుకునే సాధనం కావచ్చని మరికొందరు అంటారు. మొదటి అభిప్రాయమే నిజమైతే, సంచికి ఎముకల్లాంటి చట్రం ఉండాలన్న ఆలోచన మనిషికి ఎప్పుడో తట్టిందన్నమాట.

నేపాల్ కొండల్లో కూలీలు నేటికీ డోకో అనే వెదురు బుట్టను వీపున పెట్టుకుని, నామ్లో అనే పట్టీని నుదుటి పైభాగానికి తగిలించి మోస్తారు. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడి మగ కూలీలు సగటున తమ శరీర బరువులో 93 శాతం మోస్తున్నారు. వాళ్లు చిన్నప్పటి నుంచి అలవాటు పడినవాళ్లు. నెమ్మదిగా నడుస్తారు, తరచూ ఆగుతారు. ఆగినప్పుడు బుట్ట దించకుండా, వెంట తెచ్చుకున్న టీ ఆకారపు కర్రను దాని కింద ఊతంగా పెట్టి నిలబడే ఊపిరి పీల్చుకుంటారు.

మన ఊళ్లలోనూ బరువు మోసే విద్యలు తక్కువేం కాదు. కావడి తీసుకోండి. బద్దకు రెండు చివర్లా సమానమైన బరువు వేలాడుతుంది, మనిషి మధ్యలో నడుస్తాడు. బరువు ముందుకో వెనక్కో లాగదు, సరిగ్గా పాదాల మీదుగా నేలకు దిగుతుంది. తల మీద చుట్టకుదురు పెట్టి బిందె మోసే అమ్మమ్మ కూడా అదే సూత్రం పాటించింది. తల, మెడ, వెన్ను, పాదాలు ఒకే నిలువు గీతలో ఉండాలి. మార్కెట్ యార్డులో హమాలీ బస్తాను వీపు పైభాగాన వేసుకుని బాగా ముందుకు వంగి నడవడం మీరు చూసే ఉంటారు. వంగకపోతే బస్తా అతన్ని వెనక్కి పడేస్తుంది.

వీపున కట్టిన మెత్తటి సంచితో ఉన్న చిక్కు కూడా ఇదే. అది కిందికి జారుతుంది, వెనక్కి లాగుతుంది, భారమంతా రెండు భుజాల మీద వేలాడుతుంది.

బెర్గన్ వంచిన కొమ్మ

ఈ చిక్కుకు పరిష్కారం వెతికినవారిలో పేరు నిలిచిన వ్యక్తి నార్వేకు చెందిన ఓలే ఫెర్డినాండ్ బెర్గన్. ఆయన పేరుతో నేటికీ నడుస్తున్న కంపెనీ చెప్పుకునే కథ ఇది. 1908లో ఆయన వేట నుంచి బరువైన సంచితో తిరిగి వస్తున్నాడు. సంచి వీపుకు ఒరుసుకుని బాధిస్తోంది. దారిలో ఒక జునిపర్ కొమ్మ తీసుకుని, తన వీపు ఆకారానికి తగ్గట్టు వంచి, సంచికి బిగించాడు. ఇంటికి వచ్చాక ఆ కొమ్మ స్థానంలో తేలికైన ఉక్కు గొట్టాలు పెట్టాడు. 1909లో పేటెంట్ వచ్చింది.

నార్వే పల్లెల్లో మెయిస్ అనే చెక్క చట్రం అంతకుముందే ఉంది. కాబట్టి చట్రం ఆలోచన బెర్గన్‌తో మొదలు కాలేదు. ఆయన చేసిన కొత్త పని వేరు. చట్రాన్ని సంచి కొలతకు కాకుండా మనిషి శరీరం కొలతకు చేశాడు. బరువును నడుము కింది భాగం మీదికి కొంతవరకు దించాడు. వస్తువు మనిషికి సరిపడాలి గానీ మనిషి వస్తువుకు సర్దుకోకూడదన్న ఆలోచన ఆ వంపులో ఉంది.

ఈ చట్రం ఎంతగా వ్యాపించిందంటే, బ్రిటిష్ సైనికులు నేటికీ పెద్ద రక్‌సాక్‌ను బెర్గెన్ అనే పిలుస్తారు. మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా పర్వత దళాల రక్‌సాక్‌కు కూడా ఇదే తరహా ఉక్కు గొట్టాల చట్రం ఉండేది. యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిన సరుకు చౌకగా బజారుకు వచ్చింది. కొండలెక్కే యువకులు చాలామంది వాటినే కొనుక్కున్నారు. అవి గట్టివే గానీ బరువైనవి. అక్కడి నుంచి తర్వాతి మార్పు మొదలైంది.

భుజం నుంచి తుంటికి

అమెరికాలోని కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే వడ్రంగి ఉండేవాడు. కొండల్లో తిరగడం ఆయనకు ఇష్టం. ఒకసారి నడుస్తూ నడుస్తూ, బ్యాగు చట్రం కింది కొసలను ప్యాంటు వెనక జేబుల్లో దోపి చూశారట. ఉన్నట్టుండి భుజాలు తేలికయ్యాయి. బరువు తుంటి ఎముకల మీదికి దిగింది.

ఆ చిన్న గమనికే నడుం పట్టీకి దారి తీసింది. 1952లో కెల్టీ ఇంట్లోనే బ్యాగుల తయారీ మొదలుపెట్టాడు. చట్రం ఆయన వంచేవాడు, సంచి భార్య నీనా కుట్టేది. ఉక్కుకు బదులు అల్యూమినియం, కాన్వాస్‌కు బదులు నైలాన్, అన్నిటికంటే ముఖ్యంగా తుంటి చుట్టూ బిగించే పట్టీ. మొదటి ఏడాది అమ్ముడైనవి 29 బ్యాగులు, ఒక్కోటి 24 డాలర్లు. పదకొండేళ్ల తర్వాత, 1963లో ఎవరెస్ట్ ఎక్కిన అమెరికా బృందం కెల్టీ బ్యాగులు తీసుకువెళ్లింది.

ఇక్కడ శరీరశాస్త్రం కాస్త చెప్పుకోవాలి. భుజం కీలు చేతిని అన్ని వైపులా తిప్పడానికి ఏర్పడింది. భుజం దగ్గర ఎముకలను పట్టి ఉంచేవి ఎక్కువగా కండరాలే. గంటల తరబడి బరువు వేలాడదీస్తే ఆ కండరాలు అలసిపోతాయి. తుంటి అలా కాదు. మన పై శరీరం బరువంతా రోజంతా కాళ్లకు చేరవేసే గట్టి ఎముకల పళ్లెం అది. దాని కింద ఉన్నవి శరీరంలోకెల్లా పెద్ద కండరాలు. సరిగ్గా బిగించిన నడుం పట్టీ ఉన్నప్పుడు బరువులో ఎక్కువ భాగం ఆ పళ్లెం మీదికి దిగుతుంది. అప్పుడు భుజం పట్టీల పని బ్యాగును వీపుకు దగ్గరగా పట్టి ఉంచడమే.

చట్రం లోపలికి వెళ్లింది

బయటి చట్రం దారి వెంట నడిచేవారికి బాగుంది. రాతి గోడ ఎక్కేవారికి మాత్రం ఇబ్బంది. చట్రం కొసలు రాళ్లకు తగులుతాయి. ఒంటి కాలి మీద నిలబడి పై పట్టు అందుకోవాల్సిన క్షణంలో బ్యాగు ఒక పక్కకు ఊగితే పట్టు తప్పుతుంది. అమెరికాకే చెందిన గ్రెగ్ లో అనే పర్వతారోహకుడు 1967లో చట్రాన్ని సంచి లోపల దాచాడు. బ్యాగు శరీరానికి అతుక్కుని, శరీరంతోపాటు కదలడం మొదలైంది. రెండు భుజం పట్టీలను కలిపే ఛాతీ పట్టీ, లోపలి సామాను కదలకుండా పక్కల నుంచి బిగించే పట్టీలు కూడా ఆయన బ్యాగుల్లో ఉన్నాయి. నేటి ట్రెకింగ్ బ్యాగులన్నీ దాదాపు ఆ దారిలోనివే.

ఇదే తరంలో మరో అమెరికన్, గెర్రీ కన్నింగ్‌హమ్, తాడును ఎక్కడ కావాలంటే అక్కడ బిగించి ఆపే చిన్న స్ప్రింగు బిళ్లను రూపొందించాడు. మీ పిల్లల రెయిన్‌కోటు టోపీ తాడుకు ఉండేది అలాంటిదే. కొండల కోసం చేసిన వస్తువు ఇంట్లోకి ఎలా వస్తుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

కొండ నుంచి బడికి

1967లోనే అమెరికాలో జాన్‌స్పోర్ట్ కంపెనీ మొదలైంది. బ్యాగులు కుట్టిన జాన్ లూయిస్ అనే యువతి పేరే కంపెనీ పేరులోకి వచ్చింది. వాళ్లు ఒక రోజు నడకకు సరిపోయే చిన్న బ్యాగు తయారు చేశారు. 1970ల ఆరంభంలో అది సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పుస్తకాల దుకాణంలో అమ్మకానికి వచ్చింది. సియాటిల్ వానలకు పేరున్న ఊరు. పుస్తకాలు తడవకుండా ఉంటాయని విద్యార్థులు ఆ బ్యాగు కొన్నారు. చేతుల్లో పట్టుకుని, పట్టీతో కట్టుకుని పుస్తకాలు తీసుకెళ్లే అలవాటు క్రమంగా తగ్గింది. వీపు బ్యాగు విద్యార్థికి గుర్తుగా మారింది.

మన దగ్గర ఆ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ఇది చదువుతున్న తల్లిదండ్రుల్లో కొందరు అల్యూమినియం పెట్టెతో బడికి వెళ్లినవారు ఉంటారు. కొందరు అమ్మ కుట్టిన గుడ్డ సంచితో, మరికొందరు ఎరువుల బస్తా కత్తిరించి కుట్టిన సంచితో వెళ్లి ఉంటారు. తాతగార్ల తరంలో పలక ఒక్కటే చేత పట్టుకుని వెళ్లినవారూ ఉన్నారు. వాటితో పోలిస్తే రెండు పట్టీల బ్యాగు మంచిదే. భారం రెండు వైపులా సమానంగా పడుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి.

కానీ ఒక సంగతి గమనించండి. కొండ బ్యాగు బడి బ్యాగు అయ్యేటప్పటికి చట్రం పోయింది. నడుం పట్టీ పోయింది, ఉన్నా ఎవరూ బిగించరు. మిగిలింది రెండు భుజం పట్టీలు, ఒక మెత్తటి సంచి. అంటే బెర్గన్ కొమ్మ వంచడానికి ముందున్న స్థితికి దాదాపు తిరిగి వెళ్లాం. ఒక రోజు నడకకు కావలసిన తేలికపాటి సామాను కోసం చేసిన సంచిలో ఇప్పుడు పాఠ్యపుస్తకాలు, నోటుబుక్కులు, వర్క్‌బుక్కులు, లంచ్ బాక్సు, నీళ్ల సీసా అన్నీ సర్దుతున్నాం.

మూడు చిన్న లెక్కలు

పిల్లలూ, ఈ భాగం మీ కోసం. లెక్క సులువుగా ఉండటానికి 1 కిలో బరువును 10 న్యూటన్లుగా తీసుకుందాం. బ్యాగు 6 కిలోలు, అంటే 60 న్యూటన్లు.

మొదటిది, పీడనం. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. భుజానికి ఆనే పట్టీ పొడవు 15 సెం.మీ. అనుకుందాం. పట్టీ వెడల్పు 2 సెం.మీ. అయితే రెండు పట్టీల వైశాల్యం 60 చదరపు సెం.మీ. పీడనం 10,000 పాస్కల్స్. అదే పట్టీ 5 సెం.మీ. వెడల్పు ఉంటే వైశాల్యం 150 చదరపు సెం.మీ., పీడనం 4,000 పాస్కల్స్. బ్యాగు బరువు మారలేదు. భుజం మీద ఒత్తిడి మాత్రం సగం కంటే తగ్గింది.

రెండోది, బలభ్రామకం. బ్యాగు గరిమనాభి వీపు నుంచి ఎంత దూరంగా ఉంటే అది మనల్ని అంతగా వెనక్కి తిప్పుతుంది. వీపు నుంచి 8 సెం.మీ. దూరంలో ఉంటే 60 ను 0.08 తో గుణించండి, 4.8 న్యూటన్ మీటర్లు. జారిపోయి 16 సెం.మీ. దూరానికి వెళితే 9.6. దూరం రెట్టింపైతే లాగే ప్రభావం రెట్టింపు. దాన్ని తట్టుకోవడానికి శరీరం ముందుకు వంగుతుంది, మెడ ముందుకు సాగుతుంది. హమాలీ ఎందుకు వంగాడో ఇప్పుడు అర్థమైందా?

మూడోది, నిష్పత్తి. 6 కిలోల బ్యాగు 75 కిలోల నాన్నకు శరీర బరువులో 8 శాతం. 32 కిలోల ఆరో తరగతి విద్యార్థికి దాదాపు 19 శాతం. నాన్న ఒక చేత్తో ఎత్తి "ఇదేం బరువు?" అంటే ఆ మాట నాన్న శరీరానికి మాత్రమే నిజం. నాన్నకు అదే 19 శాతం కావాలంటే 14 కిలోలకు పైగా వీపున వేసుకుని మెట్లెక్కి చూడాలి.

మన కొండల మీది పాఠం

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం చేరుకుంది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వారి శిక్షణ భువనగిరి కొండ రాళ్ల మీద మొదలై, డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థ మీదుగా సాగింది. ఆ సంస్థను 1954లో స్థాపించారు. టెన్సింగ్ నార్గే అక్కడ క్షేత్ర శిక్షణకు మొదటి డైరెక్టరు.

వారిని తలచుకుంటే మనకు మొదట గుర్తొచ్చేది ధైర్యం. దానితోపాటు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. పర్వతారోహణలో బ్యాగు సర్దడం కూడా ఒక విద్య. బరువైనది వీపుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా ఉండాలి. వెంటనే కావలసింది పైన ఉండాలి. అన్నిటికంటే ముందు ప్రతి వస్తువునూ చేతిలో పట్టుకుని "ఇది లేకుండా ఈ రోజు గడుస్తుందా?" అని అడగాలి. గడుస్తుందంటే అది బ్యాగులోకి వెళ్లదు. కొండ మీద ప్రతి గ్రాము మన కాళ్లే మోయాలి కదా.

మన పిల్లల బ్యాగుకు ఈ ప్రశ్న ఎంతమంది వేస్తున్నాం?

నియమం ఏం చెబుతోంది?

కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ విడుదల చేసింది. 1 నుంచి 10వ తరగతి వరకు బ్యాగు బరువు విద్యార్థి శరీర బరువులో 10 శాతం మించకూడదని అందులో ఉంది. ప్రీ-ప్రైమరీ పిల్లలకు బ్యాగే అవసరం లేదంది. తరగతి వారీగా సూచించిన బరువులు ఇవి:

1, 2 తరగతులు: 1.6 నుంచి 2.2 కిలోలు
3, 4, 5 తరగతులు: 1.7 నుంచి 2.5 కిలోలు
6, 7 తరగతులు: 2 నుంచి 3 కిలోలు
8వ తరగతి: 2.5 నుంచి 4 కిలోలు
9, 10 తరగతులు: 2.5 నుంచి 4.5 కిలోలు
11, 12 తరగతులు: 3.5 నుంచి 5 కిలోలు

ఈ అంకెలు పుస్తకాలకే కాదు, బ్యాగు మొత్తానికి. ఖాళీ బ్యాగు కిలో ఉంటే, రెండో తరగతి పాప వాటాలో సగం సంచికే పోయింది. కాబట్టి కొనేటప్పుడు బొమ్మల కంటే ముందు ఖాళీ బ్యాగు బరువు చూడండి. రెండు భుజాలకూ సరిపోయే మెత్తటి పట్టీలున్న బ్యాగు వాడాలని, చక్రాల బ్యాగులు మెట్ల దగ్గర ప్రమాదమని కూడా ఆ పాలసీలో ఉంది. బడిలో మంచినీళ్లు అందుబాటులో ఉంచి పిల్లలు సీసా మోసే అవసరం తగ్గించాలని పాఠశాలలకు చెప్పింది. అంటే బాధ్యత ఇంటిది మాత్రమే కాదు, బడిది కూడా.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. బరువైన బ్యాగు వల్ల వెన్నెముక శాశ్వతంగా వంకరపోతుందని పిల్లలను భయపెట్టకండి. పిల్లల్లో కనిపించే వెన్ను వంపు వ్యాధికి బ్యాగు కారణమని రుజువు లేదు. అయినా రోజూ వీపునొప్పి, భుజాల నొప్పి, అలసట, మెట్ల మీద తూలడం చిన్న విషయాలు కావు. పట్టీల కింద ఎర్రటి గీతలు పడుతున్నా, చేతుల్లో తిమ్మిరి వస్తున్నా, వీపునొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి.

బ్యాగు సర్దే పద్ధతి

1. రాత్రే టైమ్‌టేబుల్ చూసి పిల్లలే సర్దుకోవాలి. పెద్దలు పక్కన కూర్చుంటే చాలు. ఉదయం హడావుడిలో సర్దితే అన్నీ లోపలికి వెళ్లిపోతాయి.
2. పెద్ద, బరువైన పుస్తకాలు వీపుకు ఆనే అరలో పెట్టాలి. నోటుబుక్కులు మధ్యలో, పెన్సిల్ బాక్సు లాంటివి ముందు అరలో.
3. నీళ్ల సీసా, లంచ్ బాక్సు రెండూ ఒకే పక్కన ఉండకూడదు. కావడిని గుర్తుచేసుకోండి.
4. రెండు పట్టీలూ వేసుకోవాలి. బ్యాగు వీపుకు ఆనేంతగా బిగించాలి. బ్యాగు అడుగు నడుము దగ్గరే ఉండాలి, పిరుదుల మీద వేలాడకూడదు.
5. నడుం పట్టీ, ఛాతీ పట్టీ ఉంటే బిగించండి. అవి అలంకారాలు కావు.
6. పిల్లల కొలతకు మించిన బ్యాగు వద్దు. "రెండేళ్లు వస్తుంది" అని పెద్దది కొంటే ఆ రెండేళ్లూ అది కిందికి వేలాడుతుంది.
7. బస్సు కోసం నిలబడ్డప్పుడు, అసెంబ్లీకి ముందు బ్యాగు కింద పెట్టమని చెప్పండి. నేపాల్ కూలీలూ అడుగడుగునా ఆగేవారే.

ఇంట్లో చేసి చూడండి

ప్రయోగం 1: లీటరు నీళ్ల సీసాను ఛాతీకి ఆనించి ఒక నిమిషం పట్టుకోండి. తర్వాత చెయ్యి ముందుకు చాపి ఒక నిమిషం పట్టుకోండి. సీసా బరువు మారిందా? మరి చెయ్యి ఎందుకు వణికింది?

ప్రయోగం 2: బరువు చూసే మిషన్ మీద బ్యాగు లేకుండా ఒకసారి, బ్యాగుతో ఒకసారి నిలబడండి. తేడా బ్యాగు బరువు. అది శరీర బరువులో ఎంత శాతమో లెక్కించండి. వారంలో ఆరు రోజులూ రాసి ఒక బార్ గ్రాఫ్ గీయండి. ఏ రోజు ఎక్కువ? ఎందుకు?

ప్రయోగం 3: పక్క నుంచి రెండు ఫోటోలు తీయండి, ఒకటి బ్యాగు లేకుండా, ఒకటి బ్యాగుతో. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉన్నాయా? పట్టీలు బిగించి మూడో ఫోటో తీసి పోల్చండి.

ఆలోచించి చెప్పండి

1. బెర్గన్ మొదట వాడింది చెట్టు కొమ్మ. ఒక ఆవిష్కరణకు ఖరీదైన వస్తువులు తప్పనిసరా?
2. బయటి చట్రం నడకకు మంచిది, రాళ్లెక్కడానికి ఇబ్బంది. ఒకే వస్తువు ఒకచోట మంచిదీ మరోచోట చెడ్డదీ ఎలా అవుతుంది? మరో ఉదాహరణ చెప్పండి.
3. మీ ఇంట్లో పెద్దలు బడికి పుస్తకాలు ఎలా తీసుకెళ్లారో అడిగి పది వాక్యాలు రాయండి.

తల్లిదండ్రులకు చివరి మాట

బెర్గన్, కెల్టీ, లో ముగ్గురూ పెద్దవాళ్లు. తమకు నొప్పి కలిగింది, తామే బ్యాగు మార్చుకున్నారు. పిల్లలకు ఆ వీలు లేదు. ఏ పుస్తకం తేవాలో చెప్పేది మేము, బ్యాగు కొనేది మీరు, మోసేది మాత్రం వాళ్లు. పుస్తకం మరిచిపోతే టీచరు కోప్పడతారన్న భయంతో అన్నీ సర్దుకుని వచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాంటి పిల్లలు బరువుగా ఉందని నోరు తెరిచి చెప్పరు.

అందుకని ప్రయోగం 2లో వచ్చిన అంకె 10 శాతం దాటితే దాన్ని డైరీలో రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. ఏ రోజు, ఏ పుస్తకాల వల్ల బరువు పెరుగుతోందో కూడా రాయండి. అది ఫిర్యాదు కాదు. కొలిచి చూసి చెప్పిన మాట. ఏ నోటుబుక్కు తరగతిలోనే ఉంచవచ్చో, ఏ పుస్తకం ఏ రోజు అక్కర్లేదో తేల్చడానికి టీచర్లకు కావలసింది సరిగ్గా అలాంటి సమాచారమే.